మొక్కు తీరిన కాలు

తీనోస్ దీవిలో పాలరాయి క్వారీలో పనిచేసే స్టమాటిస్ మీదికి ఒకనాడు బండ దొర్లింది. ఎడమ తుంటి కీలు తప్పింది. పక్క దీవి సీరోస్‌లో డాక్టర్ ప్రింతెజిస్ కీలు ఎక్కించి, నెలల తరబడి పడుకోబెట్టి, నడిపించి పంపాడు. పంపుతూ ఒక హెచ్చరిక చేశాడు. తప్పిన కీలులో రక్తం ఆగిపోతే ఎముక మెల్లగా చచ్చిపోతుందట. ఏ కాస్త నొప్పి తిరగబెట్టినా ఆ రోజే పడవెక్కి రావాలట. తొందరగా పట్టుకుంటే కాలు మీద బరువు మోపకుండా కాపాడుకోవచ్చునట.

ఆ ఏడు ఆగస్టులో గుడి పండగకి స్టమాటిస్ రేవు నుంచి గుడి దాకా మోకాళ్ళ మీద ఎక్కి, మొక్కుగా వెండి రేకుతో చేయించిన కాలు బొమ్మను మరియ తల్లి పటం దగ్గర కట్టాడు. గుడి గురువుగారు ప్రసంగంలో అతని పేరు చెప్పారు. నడవలేని బిడ్డలను చంకనెత్తుకొచ్చిన తల్లులు అతన్ని వెతుక్కుంటూ వచ్చి, ఆ తుంటిని తాకి వెళ్ళేవారు.

చలికాలం రాగానే గజ్జల్లో సలుపు మొదలైంది. ఊరంతా చూస్తుండగా కృతజ్ఞత చెప్పుకున్నవాడు, తల్లి చేసిన మేలు నిలవలేదని ఏ నోటితో చెప్తాడు? క్వారీకి గాడిదెక్కి పోవడం మొదలెట్టాడు. పెళ్ళికొడుకు ఊరేగుతున్నాడని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే తనూ నవ్వేవాడు. భార్య మరూసో మాత్రం నవ్వలేదు.

"లేచినప్పుడల్లా పళ్ళు బిగబడుతున్నావు. డాక్టరు దగ్గరికి పోదాం పదవయ్యా."

"గట్టిగా అనకే. మాట వీధిలో పడితే ఆ తల్లిని చూసి నలుగురూ నవ్వుతారు."

"తల్లికేం, చల్లగా ఉంటుంది. కుంటేది నువ్వు."

మరో చలికాలం గడిచింది. గడప దాటడానికి చేత్తో కాలెత్తుకోవలసి వచ్చిన రోజున, ఆమె మారు మాట వినకుండా అతన్ని పడవెక్కించింది.

డాక్టర్ పాత ఎక్స్‌రేనీ కొత్తదాన్నీ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకున్నాడు. పాతదాంట్లో తుంటి గిన్నెలో ఎముక బంతిలా గుండ్రంగా ఉంది. కొత్తదాంట్లో బంతి పైభాగం గుడ్డు పెంకులా లోపలికి కూలిపోయింది.

"ఎముక చచ్చిపోయింది, స్టమాటిస్. ఇక క్వారీ మాట మరిచిపో."

నొప్పి ఎప్పుడు మొదలైందో రాసుకోవాలని అడిగాడు. మొన్ననే, గాడిద మీంచి పడ్డానని స్టమాటిస్ చెప్పాడు. పడితే ఎముక విరుగుతుందిగానీ ఇలా కూలదని డాక్టర్ అన్నాడు.

"మొక్కు తీర్చిన పండగ తర్వాతి మొదటి చలి నుంచి," అంది మరూసో. "అట్లాగే రాయండి."

ముందే వచ్చి ఉంటే కాలు దక్కేదా అని ఆమె అడిగింది. దక్కి ఉండేదేమో అన్నాడు డాక్టర్, రాస్తూనే. స్టమాటిస్ తన కాలు గురించి ఏమీ అడగలేదు. ఆ కాగితం తమ ఊరికి వస్తుందా అని మాత్రం అడిగాడు.

తీనోస్ రేవులో దిగేటప్పుడు జనం ఉన్నారు. మరూసో తన భుజం పట్టుకోమంటే వద్దన్నాడు. పడవ నుంచి గట్టుకు వేసిన పలక మీద నాలుగడుగులు వేసి, మధ్యలో నిలబడిపోయాడు. ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. చివరికి ఇద్దరు హమాలీలు అతన్ని మూటలా ఎత్తి గట్టున దించారు. గుడికి పోయే ఆడవాళ్ళు బిడ్డలను దగ్గరికి లాక్కుని, పక్కకి తప్పుకున్నారు.