రొయ్యల ఐసులో ఇంజెక్షన్

మా ఆవిడకి పెట్టిన కిడ్నీని ఒళ్ళు ఒప్పుకోవడం లేదని డాక్టరుగారు యాంటీబాడీ ఇంజెక్షన్ రాశారు. ఈ రోజు దాన్ని భీమవరం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి తెచ్చింది మా బావమరిది సత్యం. కిడ్నీ ఇచ్చిందీ అతనే. రొయ్యల వ్యాపారం కదా, థర్మాకోల్ పెట్టెలో సీసాని ఐసుముక్కల్లో కప్పెట్టి తెచ్చాడు.

నర్సు మూత తీసి, "ఐసులో పెట్టేశారేంటండి? గడ్డకడితే పనికిరాదు" అంది.

"ఇందులో రొయ్యే పాడవదండి."

"ఇది రొయ్య కాదు కదండి."

"నా కిడ్నీ కోసం తెచ్చిందండి. నేను పాడుచేసుకుంటానా?"

సీసా గడ్డకట్టేసింది. ఇంకొకటి విజయవాడ నుంచి కారులో వస్తోంది. ఐసు తగలనివ్వొద్దని సత్యం డ్రైవరుకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "వాణ్ణి ఏమీ అనకండి" అంటోంది మా ఆవిడ. అనను. కానీ కూర్చోబుద్ధి కావడం లేదు. ఇలాంటి మందు మీరెవరైనా తెచ్చుంటే, ఎలా తెచ్చారో ఇప్పుడే చెప్పండి. కారు ఇంకా ఏలూరు దాటలేదు.