తోటలో గొర్రెలు, కిటికీలోంచి వీడియో

జమ్మలమడుగు వైపు వెళ్లేవాళ్లలో చాలామంది గండికోట కోసమే వెళ్తారు. నేను ఈసారి వెళ్లింది సుజాత కోసం. ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఫోనుతో చుట్టుపక్కల వార్తలు తీసి తన చానెల్లో పెట్టే మనిషి. ఏది పెట్టాలో ఏది వద్దో ఎలా తేల్చుకుంటావని అడిగితే, "ఒకరోజు నా యెంట రాక్కా, నీకే తెలుస్తాది" అంది. పరాయివాళ్ల పని పక్కన నిలబడి చూడ్డమంటే నాకు మహా సరదా. బస్సెక్కేశాను.

ఉదయం ఏడింటికి ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఎర్రకారం దోసెలు తిన్నాం. కాస్త కారం తగ్గించమంటే దోసెలు పోసే ఆయన, "తగ్గించి తినేదానికి ఈడిదాకా వచ్చినావామ్మా?" అని నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రెండోది చెప్పాను. అప్పుడు సుజాత తనకు వచ్చిన వీడియో చూపించింది. పులివెందుల దగ్గర ఒక అరటితోట. గొర్రెలు ఆకులు పీకుతున్నాయి, గెలలు నేలమీద పడి ఉన్నాయి. కాపరి కర్ర మీద గడ్డం ఆనించి నింపాదిగా నిలబడ్డాడు. ముఖం స్పష్టంగా ఉంది. కింద 'గొర్రెలోళ్ల దౌర్జన్యం' అని రాసి ఉంది.

"ఇది పెడితే సాయంత్రానికి ఊరూరా తిరుగుతాది. ఇంగ ఈయప్పను మందకు ఎవురూ పిలవరు" అంది సుజాత. ఇక్కడ పంట తీశాక ఎరువు కోసం గొర్రెల మందను పిలిపించి పొలంలో కట్టించుకుంటారు. పిలిచిన రైతే కాపరికి అన్నం పెట్టాలి, అది మర్యాద. ఆ పిలుపులే కాపరికి బతుకు.

వీడియో పంపిన తిరుపాలు జమ్మలమడుగులో ఉంటాడు. పల్లెవెలుగులో ముప్పావుగంట ప్రయాణం. బస్టాండులోనే కలిశాడు. "దిగి అడిగినావా అన్నా?" అంది సుజాత. "ఏం అడిగేది? కండ్లకు కనపడతాంటే! బస్సు కిటికీలోంచి తీసినా. నువ్వు పెట్టకుంటే చెప్పు, పెట్టేటోళ్లు శానామంది ఉండారు" అన్నాడు. సుజాత సాయంత్రం దాకా ఆగమని బతిమాలింది. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాం. దాదాపు రెండు గంటలు పడుతుంది, టికెట్టు వంద దాటలేదు. ఊరు ఇంకా రాకముందే, తిరుపాలు చెప్పిన గుర్తు దగ్గర దిగి రోడ్డు పక్కనున్న ఆ తోటకు వెళ్లాం.

తీరా చూస్తే కాపరి గంగప్ప, తోట రైతు ఓబులేసు ఒకే గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు! "నేనే పిలిచినా" అన్నాడు ఓబులేసు. "గెలలు అడిగే నాథుడు లేడు. మాగి కుళ్లిపోయే బదులు ఈటి కడుపన్నా నిండుతాదని."

"ఆ మాటే కెమెరా ముందర చెప్పు మామా" అంది సుజాత. ఆయన గబుక్కున తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "వద్దమ్మా. మా ఇంటామె పుట్టింటికి పోయింది, ఆమెకే చెప్పలే. ప్రతి చెట్టుకూ ఆమే నీళ్లు కట్టింది."

గంగప్ప వెంటనే అందుకున్నాడు. "ఆయప్ప మొగం చూపియ్యాకమ్మా. పిలిచినోళ్ల పరువు తీస్తే మల్లా మమ్మల్ని ఎవురు పిలుస్తారు? నా మొగం కనపడితే కనపడనీ." తన కూటికే ఎసరొస్తుంటే ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

సుజాత ఫోను దించేసింది. "మీరొద్దంటే నేను పెట్టను. కానీ ఆ కిటికీ వీడియోను ఇంకొకరు పెడతారు. అది ఆపేది నా చేతుల్లో లేదు."

ఓబులేసు తువ్వాలు భుజాన వేసుకుని గంగప్ప పక్కకు జరిగాడు. "తియ్యి. కానీ ముందు ఆమెకు నా నోటితో చెప్పినాకనే పెట్టల్ల. ఫోన్లో చూసి తెలుసుకునే కర్మ ఆమెకొద్దు."

చెప్పాల్సిందంతా కెమెరాకు చెప్పి భార్యకు ఫోను కలిపాడు. స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచాడు. తోటంతా గొర్రెలకు వదిలేశానని చెప్పాడు. అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది: "పోతే పోనీలే. మందాయప్పకు బువ్వ పెట్టినావా, లేదా?"

ఓబులేసు నాలుక కరుచుకుని లేచాడు. పొద్దుటి నుంచీ పెట్టలేదట! ఆయన అన్నం తేవడానికి పోయాక సుజాత తను తీసిన వీడియోను చానెల్లో పెట్టింది.

వార్తంటే నిజమా అబద్ధమా అని తేల్చడమే అనుకునేదాన్ని. తిరుపాలు వీడియోలో గొర్రెలు అబద్ధం కాదు, గెలలూ అబద్ధం కాదు. ఆ నిజాన్ని ఎవరు, ఎవరి నోటి నుంచి, ఎవరికంటే ముందు వినాలన్నది కూడా ఒక లెక్కేనని ఆ గట్టు మీదే తెలిసింది. ఇక్కడ తోట ఫొటో ఎందుకు లేదని అడక్కండి, నేను వాళ్లను అడగలేదు. పేర్లు కూడా మార్చాను. ముద్దనూరు దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: కిటికీలోంచి ఏదైనా చూసి చెయ్యి ఫోను మీదికి పోతే, దిగి ఒక మాట అడగండి. వెనక ఇంకో బస్సు వస్తుంది.