మూడవ నియమం, చెల్మ నీళ్లు

రిటైర్డ్ ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో గత వారం తిరిగిన ఫొటోలో, తలకు తువ్వాల చుట్టుకొని, బీడీలు చుట్టే తునికాకు కట్టలు తిరగవేస్తున్న మనిషి నేనే. మీలో నలుగురు ఫోన్ చేసి అడిగారు. ముగ్గురు అడగకుండానే నవ్వారు. మా ఇంటావిడ తన కథనాన్ని ఇప్పటికే కాలనీ అంతటా వినిపించింది కనుక, ఈ టీ చల్లారేలోపు నా కథనం కూడా వినండి. రెండింటికీ పెద్ద తేడా లేదు. అదే నా బాధ.

ఆరు నెలల క్రితం మా ఇంటావిడ సులోచనకు మోకాలి ఆపరేషన్ అయిన సంగతి మీకు తెలుసు. చదునైన చోట, చేతికర్రతో నడవవచ్చునని, జారి పడితే మాత్రం మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసిందేనని డాక్టర్ స్పష్టంగా చెప్పారు. అప్పటి నుండి ఆమె లోకమంతా వంటింటికీ వరండాకూ మధ్యనే. మా అమ్మాయి శ్రీలత అది చూడలేక, భర్త రాజేందర్‌తో కలిసి ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకు తెచ్చింది. అందులో మంచాలు, గ్యాస్ పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. మీట తిప్పితే పక్కకు పరచుకునే గుడ్డపందిరి కూడా ఉంది. దాన్ని ఆనింగ్ అంటారట.

"అవ్వ నడిచే పనే లేదు బాపూ. ఆసిఫాబాద్ అవతల అడవి చూపించుకొని వద్దాం" అన్నది శ్రీలత, తల్లిని చూపిస్తూ.

మే నెల. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం గాలిదుమారం, పిడుగులు. ముప్పై నాలుగేళ్లు భూగోళశాస్త్రం చెప్పినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. గాలివాన జాగ్రత్తలను పది నియమాలుగా రాసి, టైపు చేయించి, లామినేషన్ చేయించి వ్యాన్ లోపలి గోడకు అతికించాను. అంతకు ముందే ముగ్గురి చేత చదివించి కింద సంతకాలు తీసుకున్నాను. అల్లుడు నవ్వుతూ పెట్టాడు. మా ఇంటావిడ, "పరీక్ష ఎప్పుడున్నది సారూ?" అని అడిగి మరీ పెట్టింది. అటువంటి ప్రశ్నలకు నేను సాధారణంగా జవాబు చెప్పను.

బస చేసే చోటును కూడా నేనే ఎంచాను. ఊరి చివర ఎత్తయిన మిట్ట. దగ్గరలో పెద్ద చెట్లు లేవు. నూరడుగుల దూరంలో స్లాబు వేసిన బడి, వేసవి సెలవులైనా వరండా తెరిచి ఉంది. ఏడవ నియమం ప్రకారం మబ్బు కమ్మితే వ్యాన్‌ను నమ్ముకోకూడదు, పక్కా కట్టడంలోకి చేరాలి. ఇంతవరకు నా ప్రవర్తనలో దోషం లేదని గమనించగలరు.

మిట్ట కింద ఒక వాగు ఉంది. ఎండాకాలం కనుక నీళ్లు లేవు, తెల్లని ఇసుక మాత్రమే ఉంది. సులోచన కిటికీ దగ్గర కూర్చుని ఆ ఇసుకను చాలాసేపు చూసింది.

"మా చెన్నూరుల గోదావరి ఇసుకల గిట్లనే చెల్మ తోడుకొని తాగేటోళ్లం" అన్నది.

అంతే అన్నది. తీసుకువెళ్లమని అడగలేదు. ఇసుకలో మూరెడు గుంట తీస్తే ఊరే నీటి కోసం మనిషి ముఖం అలా మారుతుందని నాకు తెలియదు. గట్టు నిటారుగా ఉంది, ఆమె దిగలేదు. కొంచెం అవతల వాగులోకి బండ్లబాట కనిపించింది.

"వ్యాన్‌ను కిందికి దింపు" అన్నాను అల్లుడితో.

రాజేందర్ గోడవైపు చూశాడు. "మామా, మూడో నియమం. వాగు ఇసుకల బండి నిలపరాదు అని మీరే..."

"అది రాత్రి బసకు వర్తిస్తుంది. ఇది పగటి విరామం."

ఆ వివరణ ఆ క్షణంలోనే పుట్టిందని నాకు తెలుసు. అతనికీ తెలుసు. అల్లుడు కనుక దింపాడు.

ఆనింగ్ పరిచాము. దాని కాళ్లను ఇనుప మేకులకు నేనే తాళ్లతో కట్టాను. ఒక్క లాగుతో విప్పగలిగే ముడి అది, ఎందరో స్కౌటు పిల్లలకు నేర్పాను. తర్వాత చెంబుతో ఇసుక తోడి చెల్మ తీశాను. అడుగున నీరు ఊరి, తేరుకున్నది. సులోచన కుర్చీలో నుండే వంగి గ్లాసుతో ముంచుకొని తాగింది. కళ్లు మూసుకొని, "తియ్యగున్నయి" అన్నది. ఆరు నెలల్లో ఆమె ముఖంలో అంతటి వెలుగు నేను చూడలేదు. ఏదైనా మంచి మాట అనవలసిన సందర్భం.

"కాచి తాగితే శ్రేయస్కరం" అన్నాను.

అప్పుడే నెత్తిన తునికాకు మూటతో ఒక స్త్రీ వాగు దాటుతూ ఆగింది. పేరు సోంబాయి అని తర్వాత తెలిసింది. బడి పక్కన కళ్లంలో ఆకు కట్టలు ఆరబెట్టుకుంటున్నవారిలో ఒకతె.

"వాగుల బండి పెట్టిండ్రేంది సారూ? ఆ పై గుట్టలల్ల మబ్బు నల్లగైంది. జర గట్టెక్కుండ్రి."

తొమ్మిదవ నియమం స్థానికుల మాట వినవలెనని చెబుతుంది. కాని మా నెత్తిన ఆకాశం నీలంగా ఉంది. దూరంగా మెరుపు కనిపించింది. నేను చేతి గడియారం చూసి, ఉరుము వినబడే వరకు సెకండ్లు లెక్కపెట్టి, వాన ఇక్కడికి పది కిలోమీటర్ల అవతల ఉన్నదని ఆమెకు వివరించాను. ధ్వని వేగం కూడా చెప్పాను.

ఆమె ఓపికగా విన్నది. "లెక్క మంచిగనే ఉన్నది సారూ. వాగుకు లెక్క రాదు గద" అని వెళ్లిపోయింది. కాని కళ్లం దాకా పోలేదు. గట్టు మీద మూట దింపి నిలబడి మమ్మల్నే చూస్తూ ఉన్నది. అది నాకు కొంత అవమానంగా తోచింది.

కాసేపటికి సులోచన పిలిచింది. "ఇగో, చెల్మ నిండుతుంది. నీళ్లు ఎర్రగైతున్నయి."

"ఊట బలంగా ఉంది" అన్నాను.

ఈ వాక్యాన్ని మీరు మరచిపోతే సంతోషిస్తాను. ఆమె మరచిపోదు.

మరు నిమిషంలో గాలి లేచింది. ఇసుక కళ్లల్లో కొట్టింది. ఆనింగ్ తెరచాపలా ఉబ్బి వ్యాన్‌ను కుదపసాగింది. ముడి పట్టి లాగాను. బిగిసింది. మళ్లీ లాగాను. ఇంకా బిగిసింది.

"ఒక్క లాగుడే అంటిరి గద మామా!"

"తాడు నాణ్యమైనది కాదు."

శ్రీలత కూరగాయల కత్తి తెచ్చి తాళ్లు కోసింది. గుడ్డ చిరిగి, ఒక అంచు వచ్చి నాకే చుట్టుకున్నది. దానిలో నుండి నేను బయటపడేసరికి ఇసుక మీదుగా ఆకులనూ నురుగునూ తోసుకుంటూ ఎర్రటి నీటి నాలుక ఒకటి మా వైపు పాకి వస్తున్నది. రాజేందర్ ఇంజను వేశాడు. వెనుక చక్రాలు గిర్రున తిరిగి ఇసుకలో దిగబడ్డాయి.

"ఇంకొక్కసారి చూస్త మామా!"

"వ్యాన్ వదిలేయి. మీ అత్తను చూడు."

ఆ రోజు నేను చెప్పిన సరైన మాట అది ఒక్కటే. సులోచన లేచి ఒక అడుగు వేసింది. చేతికర్ర జానెడు లోతు దిగిపోయింది, మనిషి తూలింది. నేను పట్టుకున్నాను. ఇద్దరమూ పడకుండా ఉండడమే గొప్ప అయింది. చీలమండల దాకా నీళ్లు వచ్చాయి. ఆ మోకాలు ఏమవుతుందోనన్న తలంపుతో ఆమెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

గట్టు మీద సోంబాయి లేదు. వెళ్లిపోయిందనుకున్నాను. అంతలో బండ్లబాట వెంట ఒక నులక మంచం దిగి వస్తూ కనిపించింది. కింద సోంబాయి, మరి ఇద్దరు ఆకుకోత స్త్రీలు.

"కూసో అవ్వా. గట్టిగ పట్టుకో."

మంచం మూడు కోళ్లు ముగ్గురు స్త్రీలు పట్టారు, నాలుగవ కోడు మా అల్లుడు. శ్రీలత గ్యాస్ కట్టేసి మందుల సంచీ తీసుకున్నది. నాకు అప్పగించిన పని చేతికర్ర మోయడం.

గట్టు ఎక్కుతుండగా మంచం మీద నుండి మా ఇంటావిడ నా వైపు వంగి చూసింది. "పెండ్లిల గూడ పల్లకి ఎక్కియ్యలే మీరు. ఎర్ర బస్సుల తీస్కపోయిండ్రు. గిప్పటికి యాదికొచ్చిందా?"

నలుగురూ నవ్వితే మంచం ఊగింది. నవ్వవద్దని నేను ఆదేశించాను. ఎవరూ లక్ష్యపెట్టలేదు.

బడి వరండా చేరీ చేరగానే రాళ్లవాన మొదలైంది. పిడుగుల శబ్దానికి తలుపులు అదిరాయి. సులోచన మోకాలు మడిచి, చాపి చూపించింది. ఏమీ కాలేదు. అప్పుడు గాని కళ్లం వైపు చూడలేదు నేను. ఆ ముగ్గురు స్త్రీల ఆకు కట్టలు కప్పేవారు లేక వానలో నానుతున్నాయి. మిగతావారివన్నీ పరదాల కింద భద్రంగా ఉన్నాయి. సోంబాయి అటు చూసి, కొంగు పిండుకున్నది.

అందుచేత మరునాడు పొద్దున, ఎవరూ అడగకుండానే కళ్లంలో కూర్చుని కట్టలు విడదీసి ఎండకు తిరగవేశాను.

"గట్ల గుంజకు సారూ, ఆకు చినుగుతది. గిటు చూడు, గిట్ల" అని సోంబాయి రెండుసార్లు నేర్పింది. మూడవసారి నా చేతిలోని కట్ట తీసుకుని, దూరంగా ఉన్న వేరే కట్టలు చూపించింది. ఫొటో అప్పటిది. ఆకు చాలావరకు నిలిచింది, నా ప్రమేయం తక్కువ.

వాగు తగ్గాక ట్రాక్టరుతో వ్యాన్‌ను లాగారు. లోపల పరుపులు, బియ్యం, పొయ్యి అన్నీ బురద. గోడ మీది కాగితం మాత్రం లామినేషన్ పుణ్యాన అక్షరం చెదరలేదు. సులోచన దాన్ని ఒలిచి తెచ్చి, కరీంనగర్‌లో మా ఫ్రిజ్‌కు అతికించింది.

నిన్న పొద్దున దాని ముందు నన్ను నిలబెట్టింది. "పదోది చదువుండ్రి."

చదివాను. "ఏ ఒక్కరి సౌకర్యం కొరకూ ఏ నియమమూ సడలించబడదు."

ఆమె కింది సంతకాల మీద వేలు పెట్టింది. ఆమెది, అమ్మాయిది, అల్లుడిది. మూడే ఉన్నాయి. నియమాలు రాసినవాడు సంతకం పెట్టవలసిన అవసరం నాకు అప్పట్లో తోచలేదు.

లామినేషన్ మీద పెన్ను పడదని చెప్పి చూశాను. ఆవకాయ జాడీల మీద పేర్లు రాసే మార్కర్ ఆమె చేతిలో సిద్ధంగా ఉంది. అలవాటు కొద్దీ కాగితం పైభాగాన, ప్రధానోపాధ్యాయులు పెట్టే చోట పెట్టబోయాను.

"ఆడ కాదు" అన్నది. "కింద. అల్లుని తర్వాత."

కళ్లజోడు సవరించుకొని అక్కడే పెట్టాను.