సైరన్‌కు ఆగిన ఆట

మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సార్ పోయారని మా గోల్‌కీపర్ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి వంటింటి గడప మీద కూలబడ్డాను. మా అమ్మ దానికి తనకు తోచిన అర్థం తీసుకుంది. "ఏడ్వకే. నీ సర్టిఫికెట్ మీద ఆయన సంతకం అయిపాయె గద," అంది. నాన్న పక్క గదిలోంచే జెరాక్సులు తీయించి పెట్టుకొమ్మన్నాడు. డిగ్రీ మూడేళ్లూ నేను మోకాళ్లు చెక్కుకుపోయేలా ఫుట్‌బాల్ ఆడింది స్పోర్ట్స్ కోటా కాగితం కోసమేనని మా ఇంట్లో అందరి నమ్మకం. నా భయం వేరు. సార్ లేకపోతే పాల్వంచలో మా కాలేజీ ఆడపిల్లల జట్టు ఉండదు.

ఆయన బక్కపలచని మనిషి. మెడలో విజిల్ వేలాడేది గానీ ఏనాడూ ఊదేవారు కాదు. "విజిల్ రెఫరీది బిడ్డా, నాది నోరు," అనేవారు. గీతలు గీయడానికి సున్నం లేకపోతే థర్మల్ స్టేషన్ బూడిద తెప్పించి పోసేవారు. ఇంటికి పోయేసరికి మా కాళ్లు మోకాళ్ల దాకా బూడిద రంగు. ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రౌండ్‌కు వచ్చి, తెల్లచొక్కా చేతులు మడిచి బంతులకు గాలి కొట్టుకుంటూ కూర్చునేవారు.

జట్టులో సగం మంది అడవి వైపు ఊళ్ల పిల్లలే. ఐదున్నర బస్సు తప్పితే వాళ్లకు మళ్లీ బస్సు లేదు. అందుకని సార్ ఇంటింటికీ తిరిగి ఒక మాట ఇచ్చి వచ్చారు: ఐదింటికి కంపెనీ సైరన్ మోగిందంటే మీ పిల్ల గ్రౌండ్‌లో ఉండదు. ఆ మాట మీదే ఇళ్లల్లో పిల్లల్ని పంపారు. మూడేళ్లు అదే పద్ధతి. సైరన్ మోగితే బంతి గాలిలో ఉన్నా సరే, ఆగిపోయి సంచులు అందుకునేవాళ్లం.

కిందటేడు పోటీల్లో మాకు నాలుగు మ్యాచ్‌లు. మొదటిది ఖమ్మంలో ఆరు గోల్స్ తేడాతో పోయింది. రెండోదీ పోయింది. ఒక్కటైనా గెలవకపోతే వచ్చే ఏడు ఆడపిల్లల జట్టు వద్దని ప్రిన్సిపాల్ చెప్పేశారు. మూడోది సమమైంది. నాలుగోది మా గ్రౌండ్‌లోనే, అవతలి జట్టు రావడం ఆలస్యమై ఆట లేటుగా మొదలైంది. ఎలా కొట్టామో తెలియదు, మొదటి సగంలోనే మేమొక గోల్ కొట్టాం. ఆ గోల్‌ను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కాపాడుకుంటూ వచ్చాం. ఇంకో పది నిమిషాలు.

సైరన్ మోగింది.

మేం ఆగిపోయాం. కెప్టెన్‌నైన నేనూ ఆగిపోయాను. గోల్‌కీపర్ గ్లవ్స్ విప్పుకుంటోంది. అవతలి జట్టుకు ఆ సైరన్ సంగతి తెలియదు. వాళ్లు ఆడుతూనే ఉన్నారు. సార్ గీత అవతల నిలబడి అరుస్తున్నారు, మాకు వినపడటం లేదు. తేరుకునేలోపు ఒక గోల్, ఆ కంగారులోనే ఇంకొకటి. ఓడిపోయాం.

ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. సార్ వచ్చి మా మధ్య నేల మీద కూర్చున్నారు. "తప్పు మీది గాదు బిడ్డా. మీకు ఆగుడు నేర్పింది నేను. ఆడుడు గంత గట్టిగ నేర్పలే," అన్నారు. తర్వాత లేచి, బస్సుకు టైమవుతోందన్నారు.

మర్నాడు ఓటమికి తప్పు తనదేనని కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చారట. మీరున్నన్నాళ్లు జట్టు ఉండనిద్దాంలే అన్నారట ప్రిన్సిపాల్. ఆ వారమంతా సార్ మళ్లీ ఇంటింటికీ తిరిగారు, సైరన్ తర్వాత ఇంకో పది నిమిషాలు ఇమ్మని అడగడానికి. మా ఇంటికీ వచ్చారు. మా నాన్న కుర్చీ వేయలేదు. సార్ వాకిట్లో నిలబడే అడిగి, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఇంకో ఇంటికి నడిచారు. అప్పటికే మెట్టెక్కితే ఆయాసపడేవారని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు.

పోయినవారం దవాఖానాలో రెండు రోజులున్నారు. అంతే.

సమాధుల దగ్గర ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, కొత్తగా వచ్చే సార్ మగపిల్లల వరకే చూసుకుంటారని, బంతులు స్టోర్‌రూమ్‌లో పెట్టించమని చెప్పారు. అది గోల్‌కీపర్ విన్నది. భద్రాచలం అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల. చెప్పులు చేత్తో పట్టుకుని తడిమట్టిలో నిలబడి ఉంది. "అక్కా, ఇంక మమ్ముల ఎవరు ఆడిపిస్తరు?" అంది.

ఇంటికి వచ్చేసరికి నాన్న నా సూట్‌కేసు దించి ఉంచాడు. హైదరాబాద్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్, ఎల్లుండి ప్రయాణం. "ఇగ ఆ బంతి లొల్లి ఒడిసింది. నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు, అదే నాకు మరీ కష్టంగా తోచింది.

నేను హైదరాబాద్ వెళ్లడం లేదు. సోమవారం నుంచి జట్టును నేను ఆడిస్తాను. ప్రిన్సిపాల్‌కు రాసి ఇచ్చాను, ఇంట్లోనూ చెప్పాను.