రేడియో సాకెట్‌కు విడి ఎర్త్

సింహాచలం అప్పన్న మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

మే నెల, పగలు పదకొండింటికి పని మీద ఒక కొండెక్కాను. కింద విశాఖ పోర్టు. పైన రేకుల గది, రెండు మంచాలు, ఓడలతో పడవలతో మాట్లాడే ఒక రేడియో సెట్టు. నేను ఎలక్ట్రీషియన్ని. ఆపరేటర్‌ది భీమిలి వైపు, సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. మొదటి రోజే నన్ను బావా అన్నాడు.

సెట్టులో ఒకటే రొద. పోర్టు క్రేన్లు కదిలితే పెరిగేది. క్రేన్ మీదివాడు ఆవలిస్తే మాకు వినబడేది.

ఆర్డరొచ్చింది: సెట్టు సాకెట్‌కు విడిగా ఎర్త్ వైరు వేయాలి. వేశాను. దారిలో దేనికీ తగలనివ్వకుండా తెచ్చి, మెయిన్ బోర్డు దగ్గర మాత్రం గది ఎర్త్‌తో కలిపాను. అక్కడ కలిసి తీరాలి. సెట్టు పెట్టెకి కరెంటు పాకితే వెనక్కి పోయే దారి అదే. ఆ దారి ఉంటేనే బ్రేకర్ ట్రిప్పయి కరెంటు ఆగుతుంది.

రొద సగమే తగ్గింది. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఆ కలిపింది విప్పేసి గది వెనక గొయ్యి తీసి దానికే కట్టమని. కట్టాను. రాగి పలక, బొగ్గు, ఉప్పు. రొద మాయం.

"బావ, పడవలో సేపలు కొట్టుకోడం కూడా ఇనబడతంది," అన్నాడు ఆపరేటర్.

ఎర్ర కంకర నేల, తడి నిలవదు. రోజూ సాయంత్రం అయిదింటికి వాడే రెండు బకెట్ల నీళ్లు గోతిలో పోసేవాడు, కొబ్బరి మొక్కకి పోసినట్టు. తడి ఉంటే చాలనుకున్నాం.

నలభయ్యో రోజు, మధ్యాహ్నం మూడుంపావు. సెట్టు లోపల తీగ తొడుగు కాలి ఇనుప పెట్టెకి తగిలింది. గొయ్యి గుండా పోయిన కరెంటు బ్రేకర్‌కి చాలలేదు. అది ట్రిప్పవలేదు. వాడు చెమట చేత్తో పెట్టె పట్టుకున్నాడు. నేను మెయిన్ ఆపేసరికి అయిపోయింది.

ఇప్పుడు ద్వారకా నగర్‌లో వైరింగ్ పనులు చేస్తాను. కంప్యూటర్లకు విడి ఎర్త్ అడుగుతారు. వేస్తాను. మెయిన్ దగ్గర కలిపాకే బోర్డు మూత బిగిస్తాను. బిగించిన ప్రతిసారీ, కొండ దిగుతూ చూసిన ఆ రెండు బకెట్లు కనబడతాయి. గొయ్యి పక్కన, సాయంత్రానికని వాడు నింపి పెట్టుకున్నవి.

ఇక కల్పించింది చెప్పాలి. ఆవలింత సరే, అది ఎవరూ నమ్మరు. అందరూ నమ్మింది ఆ ఫోను. ఎవరూ చేయలేదు. విప్పింది నేనే, నా పనితనం చూపిద్దామని. వాళ్లమ్మకు కూడా ఫోనొచ్చిందనే చెప్పాను.

వాడు వద్దనే అన్నాడు.

"ఉండనీ బావ. ఆపాటి రొద నాకు సంద్రంలాగుంటాది."