పేరు తెలియని మట్టి యోధుడు

దసరా వెళ్ళిన సోమవారం, రాజమండ్రిలో నేను పనిచేసి రిటైరైన కాలేజీ మ్యూజియం గడప దాటకముందే కర్పూరం వాసన తగిలింది. లోపల, బీరువాలోంచి తీసి పీట మీద నిలబెట్టిన మట్టి యోధుడి నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ. పక్కన అట్ట: “వీరభద్రుడు. ఐదు వేల ఏళ్ళ నాటిది.” పేరూ తప్పే, కాలమూ తప్పే. ఒళ్ళు మండింది. వెంటనే వర్ధనమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ మా చరిత్ర శాఖకు పెద్ద. ఆ మ్యూజియాన్ని నిలబెట్టిన మనిషి. నేను కొత్తగా చేరిన ఏడు, పాఠం చెప్పడానికి ఆ బొమ్మను తెప్పించారు. అది నకలు. అసలువి పడమటి మెక్సికోలో, లోతుగా తవ్విన సమాధుల్లో దొరికాయి. సుమారు రెండు వేల ఏళ్ళ నాటివి. తలకు శిరస్త్రాణం, ఒంటికి పీపాలాంటి కవచం, రెండు చేతులా ఎత్తి పట్టిన ఆయుధం.

“ఏం కనిపిస్తోందండీ మూర్తిగారూ?” అని నన్నడిగారు.

“గద పట్టిన భీముడండీ.”

“భీముణ్ణి మీ ఇంటినుంచి తెచ్చారు. ఇక్కడున్నది చెప్పండి.”

“కవచం తొడుక్కుని, కర్ర పట్టుకున్న మనిషండీ.”

“ఆఁ, ఇప్పుడు లెక్చరరు మాట్లాడాడు!” అని నవ్వి, వెంటనే గంభీరమయ్యారు. “ఆ సమాధుల్ని చాలావరకు దొంగలే తవ్వుకుపోయారు. ఇతన్ని ఎవరి పక్కన నిలబెట్టారో ఆ ఆనవాలు పోయింది. కాపలావాడో, పూజారో, చనిపోయినవాడి రూపమో పండితులకే తేలలేదు. తేలనిచోట తెలియదని రాయాలి.”

కొన్నేళ్ళకు మంత్రిగారి రాక కుదిరింది. ప్రిన్సిపాల్ నా ఎదుటే అడిగారు: “నకలంటే ఏం బావుంటుందండీ మేడమ్? మనవాళ్ళే ఓడల్లో వెళ్ళి చేశారని రాసెయ్యండి. ఎవరడుగుతారు?”

“నేనడుగుతానండీ.”

“అయితే మ్యూజియం తాళాలు ఇచ్చెయ్యండి.”

ఆవిడ ఇచ్చేశారు. రిటైరయ్యేదాకా ఆ తాళాలు మళ్ళీ ఆవిడ చేతికి రాలేదు. అబద్ధం రాయనందుకు, సొంత చేతులతో అమర్చిన గదిలోకి ఒకరి అనుమతితో వెళ్ళవలసివచ్చింది. దాన్ని పరిపాలన అన్నారు. నేను అన్యాయమనే అంటాను.

ఇప్పటి బాధ్యుడు, కుర్ర లెక్చరరు, నా మొహం చూసి కంగారుపడ్డాడు. “చేతిలో ఆయుధముంది కదండీ, ఆయుధపూజలో పెట్టామండీ. దణ్ణం పెట్టుకుంటే ఎవరికండీ నష్టం?”

“ఈ యోధుడికి. ఇతని ఊరూ, కాలమూ రెండూ లాగేసుకున్నారు.”

బొమ్మను వంచి చూపించాను. పాదం అడుగున వర్ధనమ్మగారు గీయించిన అక్షరాలు: నకలు.

“అడుగున చూడలేదండీ,” అన్నాడతను.

తడిగుడ్డతో కుంకుమ తుడిచాను. అట్ట తిప్పి, ఒకప్పుడు ఆవిడ రాయించిన అట్ట వరసలోనే రాశాను: మట్టి నకలు. అసలు పడమటి మెక్సికోది, సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది. పేరు తెలియదు.

రేపు ఆ అట్టను ఉంచుతారో, చింపుతారో. చివరి మాటను మాత్రం సిరాతో రెండుసార్లు దిద్దాను.