మిడతకు ఆకలి

ఆ గదికి కిటికీ లేదు. గోడవారన బీరువాలాంటి వెచ్చటి పెట్టె ఒకటి ఉంటుంది. మనిషి ఒంటి వేడి ఎంతో దాని లోపలి వేడి అంత. అందులో ఒక చిన్న సీసా అడ్డంగా పడుకుని ఉంటుంది. సీసాలో గులాబి రంగు ద్రవం. ద్రవంలో, చనిపోయిన ఒక పిల్లవాడి రక్తకణాలు. అవి ఇంకా పెరుగుతున్నాయి.

వాటిని సాకుతున్నది డాక్టరమ్మ. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే రక్తపు జబ్బుల మీద ఆమె పరిశోధన. ఆ పిల్లవాడి రక్తంలో ఉన్న లోపాన్ని ఆమె ఆ ఇంటి బయట మరెవరిలోనూ చూడలేదు. దాన్ని సరిచేసే దారిని ఆ కణాల మీదే వెతుకుతోంది. ద్రవం పసుపు రంగుకు తిరిగిందంటే కణాలకు ఆకలైనట్టు. పాతది తీసి కొత్తది పోయాలి. అందుకని ఆమె ఊరు దాటి ఏళ్ళయింది.

"మా ఇంటికి రావడానికి నీకు తీరదు. ఆ సీసాకైతే చాకిరీ చేస్తావు," అని ఫోనులో అక్క దెప్పుతుంది. "అదేమైనా నిన్ను అమ్మా అని పిలుస్తుందటే?"

"పిలవదు కాబట్టే నెగ్గుకొస్తున్నా అక్కా."

సీసా మీద అంకె తప్ప ఏమీ రాయకూడదు. ఆ అంకెను ఎవరూ పలికేవారు కాదు. పిల్లవాడు బతికున్నప్పుడు రక్తం ఎక్కించుకోవడానికి కింది అంతస్తులోని వార్డుకు వచ్చేవాడు. పుల్లల్లాంటి కాళ్ళు. మంచం మీద కుదురుగా ఉండేవాడు కాదు. తల్లి వాణ్ణి మిడత అని పిలిచేది. రక్తంతోపాటు ఆ పేరూ పై అంతస్తుకు వచ్చేసింది.

ఆ ఉదయం డాక్టరమ్మ నడవాలోంచి టెక్నీషియన్‌ను కేకేసింది.

"మిడతకి తిండి పెట్టావా?"

"పెట్టకపోతే ఊరుకుంటాడా మేడం! పొద్దున్నే మొహం పసుప్పచ్చగా పెట్టి కూర్చున్నాడు. ఇక్కడ నాకంటే వాడికే మర్యాదలెక్కువ."

మెట్ల దగ్గర ఒకామె ఆగిపోయింది. కూతురి రక్తం నమూనా ఇవ్వడానికి పైకి వచ్చింది. కొడుకును తీసుకుపోయిన జబ్బే కూతురికీ ఉంది.

"ఎవరికి తిండి?" అంది.

డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టింది. టెక్నీషియన్ తల దించుకున్నాడు.

ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పారు. రక్తం దాచుకోవడానికి అప్పట్లో ఆమె ఒప్పుకుంది. దాచడమంటే ఎండిన మరకలాంటిదేదో అనుకుంది. పెరుగుతుందని అనుకోలేదు.

"చూపించండి."

మైక్రోస్కోపు మీదికి వంగింది. గుండ్రటి చుక్కలు, గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"వీటికి నొప్పి తెలుస్తుందా?"

"లేదమ్మా. నొప్పి పడడానికి అక్కడ వాడు లేడు."

"మరి మిడత అని ఎవర్ని పిలిచారు?"

డాక్టరమ్మ సీసా మీది అంకె వైపు చూసింది.

"నేను వద్దంటే?"

"ఇవాళే ఆపేస్తాం. మంచులో దాచినవి కూడా పారేస్తాం. ఆ హక్కు మీదే."

ఇలా పెరుగుతున్న కణాలు మరెక్కడా లేవు. డాక్టరమ్మ ఇన్నేళ్ళ పనీ ఆ సీసాతో పోతుంది.

"వాడి చెల్లికి ఇది పనికొస్తుందా?"

అవునంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పలేనమ్మా. మందు దొరికినా తన కాలానికి అందుతుందో లేదో."

తల్లి మళ్ళీ వంగి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. తలెత్తకుండానే మాట్లాడింది.

"ఇంట్లో వాడి పేరు ఎవరం ఎత్తం. ఎత్తితే పిల్ల భయపడుతుంది, తర్వాత తన వంతేనని. గిన్నెలు తోముకుంటూ నేనే మనసులో పిలుచుకుంటా. ఇదివరకు ఎక్కడో పలికినట్టుండేది. ఈమధ్య పలకడం లేదు. ఎందుకా అనుకున్నా." తలెత్తింది. "ఇక్కడ మీరిలా పిలుస్తుంటే అక్కడ నాకెలా పలుకుతాడు?"

పెట్టెలో ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

"సీసా ఉంచుకోండి డాక్టరమ్మా. పేరు ఇచ్చెయ్యండి."

నమూనా గొట్టం బల్ల మీద పెట్టి ఆమె కిందికి వెళ్ళిపోయింది. కూతురు వార్డులో ఒక్కతే ఉంది.

ద్రవం మళ్ళీ పసుపు తిరిగిన రోజున టెక్నీషియన్ గుమ్మంలోకి వచ్చాడు.

"మేడం," అని ఆగాడు. "దానికి..." అని మళ్ళీ ఆగాడు.

"నేను చూస్తాలే," అంది డాక్టరమ్మ.

కొత్త ద్రవాన్ని వెచ్చబెట్టింది. పెట్టె తలుపు తీసేటప్పుడు ఏదో ఒకటి అనడం ఆమెకు అలవాటు. ఏంరా, ఆగలేవా, అనేది. ఇవాళ నోరు విప్పలేదు. సీసాను చేతిలోకి తీసుకుంది. పడుకుని లేచిన పిల్లవాడి అరికాలిలా అది వెచ్చగా ఉంది.